మూరల లెక్క

15-6-97, ఆదివారం

ప్రభువుకి చెప్పక్కర్లేదు, ఆయనకి తెలుసు. బుచ్చమ్మ పిన్నికి చెబితే సాయంత్రానికి ముక్తేశ్వరం దాకా తెలిసిపోతుంది. మా ఆయనకి చెబితే "ఆయ్" అని ఊరుకుంటారు. అందుకని నీకు చెబుతున్నాను. తుఫాను సాయంలో పిల్లలకి పంచగా మిగిలిన నోటు పుస్తకానివి నువ్వు. నీ మొదటి పేజీలో ఎవరో రెండో ఎక్కం సగం రాసి వదిలేశారు. దాన్ని కొట్టెయ్యను. అలాగే ఉండనీ.

ఇవాళ స్త్రీల కూటంలో చెప్పేశాను. లేచి నిలబడి, గొంతెత్తి చెప్పాను. "నాకు ప్రభువు చూపించేడమ్మా. కాలవ గట్టు పొడుగునా కొబ్బరి డొక్కల కుప్పలు. కుప్పల మధ్య పీచు తీసే మిషను. దాని చుట్టూ పదిమంది ఆడవాళ్లు. ఒక్కరి చేతిలో కొడవలి లేదు. ఒక్కరూ ఇంకొకరి చేలో నడుం వంచి లేరు."

నవంబరు తుఫాను చెట్లని పడగొట్టింది సరే. పడిన చెట్ల కాయంతా ఒలిచేసి అమ్ముకున్నారు సరే. మరి ఆ పీచు డొక్కలన్నీ ఎవరి కోసం? ఇంటింటి ముందూ గుట్టలు, గట్టు మీద గుట్టలు. వెనక గ్రంథంలోని పెద్దలకి అరణ్యంలో ఆకాశం నుంచి ఆహారం రాలింది. మాకు డొక్కలు రాలాయి. కళ్లున్నవాళ్లు చూస్తారు.

అందరూ స్తోత్రం అన్నారు. మిషను గ్రూపుకని పదిమంది పేర్లిచ్చారు. సంఘ పెద్ద ప్రభాకరరావు గారు మాత్రం గుమ్మంలో నిలబడి కళ్లజోడు తుడుచుకుంటూ ఉండిపోయారు. ఆయన ప్రసంగమంటే కాగితం మీద రాసుకొచ్చి చదవడం. చీటీ చూసి సరుకులు చెప్పినట్టుంటుంది. బడికి పోనిదాన్ని నేను. గ్రంథంలోంచే ఒక్కో అక్షరం ఏరుకున్నాను. ఇరవై ఏళ్లలో ఒక్కనాడు కాగితం పట్టుకుని నిలబడలేదు. నేను నోరు తెరుస్తాను, ఆయన నింపుతాడు.

17-6-97, మంగళవారం

మండలాఫీసులో గ్రూపు పేరు రాసుకున్నారు. తరవాత బ్యాంకుకి వెళ్లాలట. బ్యాంకుకి వెళ్లాలంటే ప్రాజెక్టు రిపోర్టు కావాలట.

"అంటే ఏంటండీ?" అన్నాను.

"ఏం చేస్తారు, ఎలా చేస్తారు, ఎన్నాళ్లకి నిలదొక్కుకుంటారు, అన్నీ ముందే రాయాలమ్మా" అంది అక్కడి అమ్మాయి.

"సముద్రం రెండుగా చీలిన రోజున ముందే ఎవరు రాసేరమ్మా?"

ఆ అమ్మాయి నవ్వింది. "అది బ్యాంకు అప్పుతో చీలలేదు కదండీ" అంది. చిన్నపిల్ల, నోరు పెద్దది.

ఇంటికొచ్చేసరికి మా ఆయన అరుగు మీద ఉన్నారు. ఎండ నడినెత్తి మీదుంది, అప్పుడే పని అయిపోయిందట! కొబ్బరికాయ ఒలవడానికి వెళ్లిన మనిషి చీకటిపడితే గాని వచ్చేవారు కాదు ఒకప్పుడు. వయసు మీద పడుతోంది కాబోలు. ఇంట్లో ఇద్దరమే అయినా, ఒళ్లు వంచేది నేనొక్కదాన్నే అయింది.

19-6-97, గురువారం

రేపటి సంగతి కాగితం మీద రాయడమంటే రేపటిని మన గుప్పిట్లో పెట్టుకోవడం. అది అవిశ్వాసం. నేను రాయను. ఇవాళ నాలుగిళ్లలో ఇదే చెప్పాను. గట్టిగా చెప్పాను.

20-6-97

రాయను.

24-6-97, మంగళవారం

నేను రాయలేదు. రాయించాను. రెండూ వేరు.

అమలాపురంలో పరదా కింద టైపు మిషను పెట్టుకుని కూర్చుంటారు త్రిమూర్తులు గారని. అర్జీలు, దస్తావేజులు, రిపోర్టులు అన్నీ ఆయనే.

"ఏం పెడుతున్నారమ్మా? మేకలా, కోళ్లా, పాడా?"

"పీచు మిషనండి."

"పీచుది తయారుగా లేదు గానీ పాడిది ఉంది. మార్చేద్దాం. అలా వెళ్లి టీ తాగొచ్చేయండి."

టీ తాగొచ్చేసరికి ఇంగ్లీషులో ఇరవై రెండు పేజీలు. చేతిలో పెడితే చేప బరువుంది. "ఇందులో ఏముందండి?" అనడిగాను.

"ఏముంటే ఏంటమ్మా? మీరు చదవరు, ఆళ్లూ చదవరు. బరువుండాలంతే. ఆయ్."

నా ఇష్టం లేకుండానే నవ్వొచ్చింది. బస్సులో ఆ కట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కావిడ "పెళ్లి పత్రికలాండి?" అంది.

26-6-97, గురువారం

మిషనుకి షెడ్డు కావాలి. పీచు ఆరబెట్టడానికి జాగా కావాలి. బుచ్చమ్మ పిన్ని ఇంటి వెనక స్థలం కాలవకి దగ్గర. కానీ అందులో ఐదు కొబ్బరి చెట్లున్నాయి. చుట్టుపక్కల చెట్లన్నీ తుఫానుకి పడిపోగా నిలబడ్డవి ఆ ఐదే. పిన్ని మొగుడు పోయేముందు పాతినవి. పిల్లల్లేని మనిషికి అవే ఆధారం.

కొట్టించెయ్యమన్నాను. విశ్వాసంతో ముందు నేల చదును చేస్తే మిషను దానంతట అదే వస్తుందన్నాను.

పిన్ని వక్కాకు నములుతూ నావైపు చూసింది. "తుఫానుకి పడలేదే రాహేలూ. నీ ప్రార్థనకి పడాలా?"

"ప్రభువు చూపించేడు పిన్నీ."

"చెట్లని కూడా చూపించేడా?"

ఎగతాళి చేసేవాళ్లకి జవాబు చెప్పకూడదు. ఆవిడే మళ్లీ అంది: "సరే. నీ నోట అబద్ధం నేనెప్పుడూ వినలేదు. మంగళవారం మనుషుల్ని పిలుస్తాను."

చూశావా? కొండని కదిలించే విశ్వాసమంటే అది.

దొరబాబు గారు, మా ఆయన ఒలుపుకి వెళ్లే తోట ఆసామి, పిన్ని చెట్ల కాయలు నాలుగు, పాతి మొక్క కట్టుకోవడానికి కావాలని కబురు పెట్టారట. అంత తోటున్నవాడికి ముసలమ్మ కాయల మీద కన్నేంటో!

29-6-97, ఆదివారం

కూటం. ఇరవైమంది వచ్చారు. మిగతా పదిమంది కూడా గ్రూపులో చేరతామన్నారు. అందరికీ చోటుంటుందన్నాను.

1-7-97, మంగళవారం

రెండు చెట్లు కొట్టేశారు. మొదటిది పడేటప్పుడు పిన్ని లోపలికెళ్లిపోయింది. మిగతా మూడూ బ్యాంకు వాళ్లు ఖాయం చేశాక కొట్టిద్దామంది. నీకు విశ్వాసం చాలదు పిన్నీ అన్నాను. "చాలదే" అంది.

మా ఆయన మధ్యాహ్నానికే వచ్చేశారు. మళ్లీ.

3-7-97, గురువారం

ఇది రాయకూడదనుకున్నాను. రాస్తాను. ఎవరికి భయం?

బ్యాంకు మేనేజరు ఆంజనేయప్రసాద్ గారు. సన్నగా ఉంటారు, మాట మెత్తన. ఇరవై రెండు పేజీలు పక్కన పడెయ్యలేదు. ఒక్కో పేజీ తిప్పుతూ చదివారు. త్రిమూర్తులు గారు చెప్పింది అబద్ధం. చదివేవాళ్లుంటారు.

"ఇది మీరు రాసేరా అమ్మా?"

"మా గ్రూపుదేనండి."

"మీ మిషనుకి ఏడాదికి రెండుసార్లు గాలికుంటు టీకా వేయిస్తామని ఉందండి ఇందులో."

నేను ఆ పేజీ మీదికి వంగి చూశాను.

"చూడి మిషన్లకి దాణా ఎక్కువ పెడతారంట." ఆయన నవ్వలేదు. పక్క బల్ల దగ్గరాయన నవ్వాడు. ఆ వెనకాల కూర్చున్నావిడ నవ్వింది. పద్దు రాయించుకోవడానికొచ్చిన రైతు ఎవరో తలపాగా తీసి మరీ నవ్వాడు.

నేను నిలబడే ఉన్నాను. "మీరు నవ్వండి. జలప్రళయానికి ముందు కట్టినన్నాళ్లూ ఓడని చూసి నవ్వినవాళ్లే అంతా" అన్నాను. "ఇది నాకు ప్రభువు చూపించేడండి."

"నేను ఆయన్ని అడగట్లేదండి. డొక్కల్ని అడుగుతున్నాను." మేనేజరు గారు ఆఖరి పేజీ వెనక్కి తిప్పి పెన్నుతో ఐదు ప్రశ్నలు రాశారు. గుండ్రటి తెలుగు. డొక్కలు ఎవరిస్తారు? ఎన్నాళ్లిస్తారు? ఎక్కడ నానబెడతారు? పీచు ఎవరు కొంటారు? మీరనుకున్నట్టు జరక్కపోతే? "వీటికి మీ చేత్తో రాసి పట్రండి. టైపు వద్దు. తొందరేం లేదండి."

తొందరేం లేదట. రెండు చెట్లు నేల మీదున్నాయి.

4-7-97

టీకా!

6-7-97, ఆదివారం

ఇవాళ ఓడ గురించే మాట్లాడాలనుకున్నాను. నవ్వినవాళ్లని కడిగెయ్యాలనుకున్నాను. బాగానే మొదలైంది. "అమ్మా, ఆ మనిషి పేరు ఊరంతటికీ నవ్వులాట అయింది. ఆకాశంలో మబ్బు లేదు. అయినా కట్టేడు. ఎలా కట్టేడు? దేవుడు చెప్పేడు. ఏం చెప్పేడు? పొడవిన్ని మూరలు, వెడల్పిన్ని మూరలు, ఎత్తిన్ని మూరలు..."

అక్కడ ఆగిపోయింది నోరు.

మూరలు. చినుకు పడకముందే మూరలు. ఏ చెక్కో, లోపలా బయటా ఏం పూయాలో, ఎన్ని అంతస్తులో. నమ్మితే చాలు, కర్రలు వాటంతటవే వస్తాయని ఆయన అనలేదు. ఇరవై ఏళ్లుగా ఈ వాక్యం మీద గొంతు చించుకుంటున్నాను. మూరల దగ్గరికొచ్చేసరికి ఎప్పుడూ గబగబా దాటేసేదాన్ని. విసుగొచ్చే భాగమది అనుకునేదాన్ని.

అందరూ నేను ఏడుస్తున్నాననుకున్నారు. స్తోత్రం అన్నారు. నేను కూర్చుండిపోయాను.

నవ్విన బ్యాంకు వాళ్ల కోసం కాదు. వాళ్ల ముఖాన కొట్టడానికి రాస్తాను. నా చేత్తోనే రాస్తాను.

8-7-97, మంగళవారం

నాలుగో ప్రశ్న తేలిక. అంబాజీపేట వెళ్లి ఇద్దరు వ్యాపారుల్ని అడిగాను. "పీచు ఎంతైనా కొంటామమ్మా, తడి లేకుండా తెండి" అన్నారు. ఆ మాటే రాశాను. నా రాతలో ఆ పేజీ అందంగా ఉంది.

మూడోది: ఎక్కడ నానబెడతారు? కాలవలో. ఇంకెక్కడ? రాసి పక్కన పెట్టాను. పెట్టాక గుర్తొచ్చింది. వేసవిలో కాలవ కట్టేస్తారు. మరమ్మతులని రెండు నెలలు చుక్క నీరుండదు. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, ఏటా బిందె పట్టుకుని బోరింగు దగ్గర నిలబడుతున్నాను. అయినా నా దర్శనంలో కాలవ పన్నెండు నెలలూ నిండుగానే ఉంది.

"పది నెలలు" అని దిద్దాను. ఫర్వాలేదు. రెండు నెలలు ఆగితే ఏం? పొలానికి కూడా విశ్రాంతి సంవత్సరముందని గ్రంథంలో ఉంది.

నోటితో చెప్పినంతసేపూ అంతా నిజమే. చెయ్యి పెడితే గాని తెలియట్లేదు. చెయ్యి నోరంత త్వరగా అబద్ధమాడలేదు.

11-7-97, శుక్రవారం

మొదటి ప్రశ్నకి జవాబు గట్టు మీదుంది కదా అని లెక్కపెట్టడానికి వెళ్లాను. దారి మీంచి చూస్తే ఎప్పుడూ కనబడే కుప్పలే. పదకొండున్నాయి. దగ్గరికెళ్లి కర్రతో పొడిచాను.

పైన రెండు వరసలు డొక్కలు. కింద మట్టి. మట్టిలో వేలంత లావు తెల్లటి పురుగులు ముడుచుకుని పడుకునున్నాయి. కొబ్బరి మొవ్వు తినే కొమ్ము పురుగు పిల్లలవి. మంచి డొక్కలన్నీ ఫిబ్రవరిలోనే ఎవరో లారీలకెత్తుకుపోయారట. గేదెలు కడుగుతున్న మనిషి చెప్పాడు. "ఇక్కడేం చూస్తున్నారండి? ఇది ఎరువుక్కూడా పనికి రాదు" అన్నాడు.

రెండో కుప్ప పొడిచాను. మూడోది. పదకొండూ పొడిచాను.

ఆకాశం నుంచి రాలిన ఆహారాన్ని దాచుకుంటే మర్నాటికి పురుగు పట్టింది. అది నేను పిల్లలక్కూడా చెప్పిన కథే.

కొత్త డొక్కలొస్తాయి. తోటలున్నాయి కదా. కాయ కాస్తూనే ఉంటుంది.

13-7-97, ఆదివారం

గొంతు నొప్పి అని కూటానికి వెళ్లలేదు. గొంతు బాగానే ఉంది.

15-7-97, మంగళవారం

రెండో ప్రశ్న: ఎన్నాళ్లిస్తారు? తోటల్లో ఎంత కాయ దిగుతోందో తెలియాలి. దొరబాబు గారినే అడుగుదామని చీర మార్చుకుంటున్నాను. మధ్యాహ్నం. మా ఆయన అరుగు మీద కూర్చుని కాళ్లు ఊపుతున్నారు. గాడిద నోట మాట పలికించినవాడు దేవుడు, ఈయన్నొకసారి అడిగి చూద్దాం అనుకున్నాను. ఈ వాక్యం ఇలాగే ఉండనిస్తాను. కొట్టెయ్యను. నా గర్వం ఎంతుందో నాకే తెలియాలి.

"ఏవండీ, దొరబాబు గారి తోటలో దింపుకి ఎంత కాయొస్తుంది?" నెలన్నరకోసారి చెట్లెక్కి కాయ దింపుతారు మా వైపు.

"ఎప్పటి సంగతి?" అన్నారు.

"ఎప్పటిదేంటి?"

"తుఫానుకి ముందయితే పదకొండు వేలు. నలుగురం కూర్చుని మూడ్రోజులు ఒలిచేవాళ్లం. మొన్న దింపుకి ఆరొందలు. నేనొక్కణ్ణే. మధ్యాహ్నానికయిపోయింది."

మధ్యాహ్నానికి.

నా చేతిలో చీర కొంగు అలాగే ఉండిపోయింది. ఆయన వేళ్లు మడుస్తూ చెబుతున్నారు. తాను ఒలుపుకి వెళ్లే ఆరు తోటలూ, వాటి లెక్కలూ. వెయ్యికింత అని కూలి తీసుకునే మనిషి. కాయ లెక్క తప్పడు. నిలబడ్డ చెట్లకి కూడా మొవ్వులు మెలి తిరిగిపోయాయట. పూత రాలిపోతోందట. మళ్లీ సరిగ్గా కాయడానికి రెండేళ్లు. కొత్తగా పాతినవి కాయాలంటే ఆరేళ్లో, ఏడేళ్లో. అన్ని తోటలూ కలిపి నెలన్నరకి నాలుగు వేల కాయ.

నేను మండలాఫీసులో ఇచ్చిన మిషను కాగితం తీశాను. రోజుకి ఐదు వేల డొక్కలు తింటుంది అది. ఒక్క రోజు తిరిగి నలభై నాలుగు రోజులు నోరు తెరుచుకు కూర్చుంటుంది. దాని చుట్టూ పదిమంది. కాదు, ఇరవైమంది.

"ఇంత తెలిసి నాకొక్క మాట చెప్పొచ్చు కదండీ!" అని అరిచాను.

"నువ్వు అడగలేదు కదే."

"అడక్కపోతే మాత్రం?"

ఆయన అరుగు మీది కొబ్బరి ఈనె ఒకటి తీసి విరిచారు. "ప్రభువు చెప్పేడన్నావు రాహేలూ. ఆయన తరవాత నేనేం చెబుతాను?"

16-7-97

మళ్లీ లెక్క వేశాను. అదే వచ్చింది.

17-7-97, గురువారం

మళ్లీ వేశాను.

పొద్దున్న గ్రంథం తీస్తే కూలిన గోడలు కట్టినవాడి దగ్గర తెరుచుకుంది. ఊళ్లో ఎవరికీ చెప్పకుండా ముందు ఆ గోడల చుట్టూ తిరిగి చూసుకున్నాడు. ఎక్కడెక్కడ కూలిందో తెలుసుకున్నాకే రండి కడదామన్నాడు. నేను రండి కడదామని చెప్పాక చూడ్డానికి వెళ్లాను.

మా ఆయన్ని కూర్చోబెట్టుకుని అడగడం మొదలుపెట్టాను. ఇన్నాళ్లకి. ఏ చెట్టు గాలికి వంగి లేచింది, ఏది తుఫాను తరవాత ముందు గెల వేసింది, ఏ కాయ పీచు పలచన, ఏది కొబ్బరి మందం. చెబుతూనే ఉన్నారు. "ఆయ్" అనే మనిషిలో ఇన్ని మాటలున్నాయని నాకు తెలియదు. మధ్యలో మామూలుగా అన్నారు: "దొరబాబు గారొక్కరే ఏంటి, ముమ్మిడివరం నించి కూడా అడుగుతున్నారు, తుఫానుకి నిలబడ్డ చెట్ల కాయ ఉంటే మొక్క కట్టుకుంటామని. అందరి తోటలూ ఖాళీయే కదా. మొక్కలెక్కడ దొరుకుతాయి?"

పెన్ను కింద పెట్టేశాను.

నిలబడ్డ చెట్లు. బుచ్చమ్మ పిన్ని చెట్లు. ఐదు. కాదు, మూడు.

19-7-97, శనివారం

పాత కాగితాలన్నీ పొయ్యిలో పెట్టాను. ఇరవై ఒక్క పేజీలకి ఒక ఎసరు మరిగింది. వెనక పేజీ మాత్రం చింపి ఉంచుకున్నాను, ఐదు ప్రశ్నలది.

కొత్తది, కొబ్బరి మొక్కలు కట్టి అమ్మడం గురించి, నాలుగు పేజీలయింది. నిలబడ్డ చెట్లు ఎన్ని, ఎవరివి, ఎన్ని కాయలిస్తారు. ఇసక మడి ఎక్కడ, నీళ్లు ఎవరు పోస్తారు, కాలవ కట్టేసిన నెలల్లో బోరింగు దగ్గర ఎన్ని బిందెలు. ఎన్ని మొలుస్తాయి: రెండు వందల డెబ్బై పెడితే రెండు వందలు. ఎప్పటికి అమ్మకానికొస్తాయి: వచ్చే వానల నాటికి. దీంట్లో ఎంతమందికి పనుంటుంది?

నలుగురికి.

ఈ ఒక్క మాట రాయడానికి పొద్దు వాలింది. ఆరుమంది అని రాసి చూశాను. ఐదు అని చూశాను. ఆరు రాస్తే కాగితం ఊరుకుంటుంది, వచ్చే ఏడు వానలు ఊరుకోవు. బ్యాంకు కోసం రాసుంటే ఇరవై అని రాసేదాన్ని. నా కోసం రాశాను కాబట్టి నాలుగు దగ్గర ఆగింది.

ఐదో ప్రశ్నకి ఏం రాయాలో తెలియలేదు. ఖాళీగా వదిలాను.

20-7-97, ఆదివారం

కాగితం పట్టుకుని నిలబడ్డాను.

అక్షరాలు అలుక్కుపోయినట్టున్నాయి. ప్రభాకరరావు గారు వెనకనించి "కళ్లజోడు కావాలా అమ్మా?" అన్నారు. కొంతమంది నవ్వారు. "ఇవ్వండి" అన్నాను. ఆయన నిజంగానే తెచ్చి ఇచ్చారు. పెట్టుకున్నాను. బాగా కనబడింది.

మొదటి వాక్యమే కష్టమైంది. "పీచు మిషను పెట్టడం లేదు." అక్కణ్ణించి చదువుకుంటూ పోయాను. కుప్పల్లో పురుగులు, ఆరొందల కాయ, నలభై నాలుగు రోజుల ఖాళీ. నలుగురికే పని. పదహారుమందికి లేదు.

గోల మొదలైంది. ఒకామె లేచింది. "ప్రభువు చూపించేడన్నారు కదండీ? ఆయనకీ లెక్క తప్పిందా?"

"ఆయన లెక్క తప్పలేదమ్మా! ఆయన డొక్కలు చూపించేడు. మిషను నేను పెట్టేను. ఆయన మాటకి నా మాట అతికించి, రెండూ ఆయనవేనని చెప్పేను. అది నా పాపం. నన్ననండి, ఆయన్ననకండి! కానీ ఒక్కటి వినండి. ఇవాళ నేను సిగ్గుపడి ఊరుకుంటే రేపు అప్పు కింద మీ పుస్తెలన్నీ బ్యాంకులో ఉంటాయి. నా పరువు కోసం మీ మెళ్లు బోసిపెట్టను. అరవండి. ఇంకా గట్టిగా అరవండి, నాకంటే గట్టిగా అరవగలిగితే!"

లేచినామె కూర్చుంది. నాకంటే గట్టిగా అరిచేవాళ్లు ఈ పేటలో లేరు.

అయినా పదకొండుమంది ప్రార్థనకి ముందే లేచి వెళ్లిపోయారు. చెప్పులు వేసుకునే చప్పుడు ఇంకా వినబడుతోంది.

బుచ్చమ్మ పిన్ని కదల్లేదు. అందరూ వెళ్లాక వక్కాకు తీసి, మళ్లీ పెట్టేసి, "రెండు చెట్లు, రాహేలూ" అంది. అంతే. తిట్టినా బాగుండేది.

"ఆయ్, పిన్నీ. రెండు చెట్లు."

"మిగతా మూడూ?"

"వాటి మీద గొడ్డలి పడాలంటే ముందు నా మీద పడాలి."

"మొన్న కూడా ఇంత గట్టిగానే చెప్పేవు."

"మొన్న నోటితో చెప్పేను. ఇది చూడు." కాగితం చేతిలో పెట్టాను. ఆవిడకి చదువు రాదు. అయినా నాలుగు పేజీలూ తిప్పి చూసింది. "టీకాలేవీ లేవు కదా ఇందులో?" అంది.

22-7-97, మంగళవారం

బ్యాంకు. అదే బల్ల, అదే పక్కాయన. నేను వెళ్లగానే నవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు.

ఆంజనేయప్రసాద్ గారు నాలుగు పేజీలూ చదివారు. మధ్యలో ఒకసారి వెనక్కి వెళ్లి చదివారు. "అమ్మా, నా సర్వీసులో అప్పొద్దని రిపోర్టు రాసుకొచ్చింది మీరొక్కరేనండి" అన్నారు.

"వద్దని కాదండి. ఇప్పుడొద్దని. ఎప్పుడు కావాలో నాలుగో పేజీలో ఉంది. ఆ రోజొస్తాను. అప్పుడు ఇవ్వనంటే ఊరుకోను."

"ఐదో ప్రశ్న ఖాళీ వదిలేసేరు."

"తెలియదండి. తెలిశాక రాస్తాను. తెలియనిది తెలుసని రాస్తే ఏమవుతుందో చూసేను."

ఆయన తలాడించారు. లేచి వస్తుంటే పక్కాయన "మిషన్లు కులాసాయాండి?" అన్నాడు. "ఈనేయండి. మీకు జున్ను పంపిస్తాను" అన్నాను. ఈసారి బ్యాంకంతా నవ్వింది, నేను కూడా.

10-8-97, ఆదివారం

కూటానికి తొమ్మిదిమంది. చిన్న కాగితం మీద నాలుగు మాటలు రాసుకెళ్లాను. నా నోరేం మూతపడలేదు. ఇంకా బాగా అరిచాను, ఎక్కడ అరవాలో ముందే తెలుసు కాబట్టి.

పొద్దున్నే పిన్ని వెనక మడిలో కాయలు పాతడం అయిపోయింది. రెండు వందల డెబ్బై. ఒక్కో కాయనీ చెవి దగ్గర పెట్టుకుని ఊపి, లోపల నీళ్లు వినబడితేనే పెట్టనిచ్చారు మా ఆయన. ఇప్పుడు ఆయన చీకటిపడితే గాని ఇంటికి రావడం లేదు.

6-11-97, గురువారం

తుఫానుకి ఏడాది. పేటలో అందరూ ఇవాళ ఆ గాలి చప్పుడు గురించే మాట్లాడుకున్నారు. ఎవరి పిల్ల ఎక్కడ దొరికిందీ, ఏ గోడ మీద పడిందీ. నేను మడి దగ్గర ఉన్నాను.

మొలిచినవి నూట ఎనభై నాలుగు. కాగితం మీద రెండు వందలు. పదహారు తప్పాను.

"పదహారు" అంది బుచ్చమ్మ పిన్ని, ఎక్కడా దయ లేకుండా.

"పిన్నీ, అప్పుడు ఇరవైమందిలో పదహారు తప్పేను. ఇప్పుడు రెండు వందల డెబ్బైలో పదహారు. మెరుగే కదా?"

"నీకు లెక్కలొచ్చేయి, నాకు పని పెరిగింది" అని బిందె తీసుకుని వెళ్లింది.

కాగితం తీసి దిద్దాను. రెండు వందలు కొట్టేసి నూట ఎనభై నాలుగు రాశాను. పక్కన ఐదో ప్రశ్న ఇంకా ఖాళీగానే ఉంది. మీరనుకున్నట్టు జరక్కపోతే? ఇప్పుడు రాశాను: "కొట్టేసి, మళ్లీ రాస్తాను."

తరవాత అమ్మకానికి ఎన్ని అన్నచోట నూట ఎనభై రెండు అని వేశాను. పిన్ని నీళ్లు పోసి వచ్చి, నాకు చదవమంది. చదివాను.

"మిగతా రెండూ ఏవే?"

కొట్టేసిన రెండు చెట్ల మొదళ్లు చూపించాను. వాన తడికి నల్లగా ఉన్నాయి. వాటి పక్కన నిన్ననే మా ఆయన చెరో గొయ్యి తీసి పెట్టారు.

ఆవిడ వెళ్లి ఒక గోతిలోకి తొంగి చూసింది. "బ్యాంకాయన అడిగితే ఏం చెబుతావు?"

"అమ్మకానికి కానివి రెండు అని రాసేను పిన్నీ. ఎందుకు అంటే చెప్పనని చెబుతాను."